కిలో పండుగప్ప కడుపులో జన ఎందుకు దొరకదు?

పోయిన సంచికలో పులస గురించి నాలుగు ముక్కలు రాశాను కాబట్టి ఉత్తరాలన్నీ పులస మీదే వస్తాయనుకున్నాను. తీరా చూస్తే సగానికి పైగా పండుగప్ప మీద వచ్చాయి. సరే, ఈసారి మొత్తం దానికే ఇచ్చేద్దాం. ఒకే ప్రశ్న ముగ్గురు నలుగురు అడిగినచోట కలిపేశాను. పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న (కాకినాడ నుంచి ఒక గృహిణి): మా ఇంట్లో వారం వారం చేప ఉండాల్సిందే. కట్ల, శీలావతి తెస్తే సీజన్లో జన (చేప గుడ్ల తిత్తి) వస్తుంది, వేయించి పెడితే పిల్లలు కొట్టుకుంటారు. పండుగప్ప మాత్రం పదేళ్ళుగా తెస్తున్నాం, ఎప్పుడూ కిలో, కిలోన్నర సైజే. ఒక్కసారి కూడా జన కనపడలేదు. మార్కెట్లో చేప కోసే అమ్మాయి పక్కకి తీసేసుకుంటోందని మా అత్తగారి అనుమానం. నిజమేనా?

జవాబు: ముందు ఆ అమ్మాయి మీద అనుమానం మానుకోమని మీ అత్తగారికి చెప్పండి, పాపం. కిలో పండుగప్పలో జన ఉండదండీ. ఎందుకంటే ఆ సైజుకి అది ఇంకా ఆడది కాలేదు.

ఎదగలేదు అని చెప్పి వదిలేయొచ్చు గానీ, అసలు సంగతి అంతకంటే విచిత్రంగా ఉంటుంది. పండుగప్పల్లో దాదాపు అన్నీ మొదట మగచేపలుగానే ఎదుగుతాయి, కొన్నేళ్ళు మగవిగా బతికి, ఆ తర్వాత ఆడవిగా మారిపోతాయి. ఏదో రోగం వల్లో నీళ్ళు బాగోకో జరిగే మార్పు కాదు, దాని జీవితమే అంత. పుట్టాక రెండు మూడేళ్ళు నదుల్లో, ఉప్పుటేరుల్లో, సముద్రంతో సంబంధం ఉన్న చెరువుల్లో తింటూ పెరుగుతుంది. మూడు నాలుగేళ్ళ వయసులో మగచేపగా సిద్ధమై, నది సముద్రంలో కలిసే మొగ దాకా దిగుతుంది. అక్కడ కొన్ని సీజన్లు తండ్రిగా గడుపుతుంది. ఆస్ట్రేలియాలో చూసినదాన్ని బట్టి ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య, ఒంటి పొడవు మీటరుకి కొంచెం అటూ ఇటూ అయ్యేసరికి ఆడదిగా మారుతుంది. మన ఆసియా నీళ్ళలో ఈ మార్పు ఇంకా ముందే వస్తుంది. మన హేచరీల (చేపపిల్లల్ని పుట్టించే కేంద్రాల) వాళ్ళ మోటు లెక్క ఏమిటంటే రెండు మూడు కిలోలది మగ, నాలుగు కిలోలు దాటితే ఆడ. కొన్ని చేపలు జీవితాంతం మగగానే ఉండిపోతాయి, చాలా కొద్దిగా మాత్రం అసలు మగ దశే లేకుండా నేరుగా ఆడవవుతాయి. అది వేరే సంగతి.

ఇక మీరు కొనే కిలో, కిలోన్నర చేప చాలావరకు చెరువులో ఏడాది, ఏడాదిన్నర పెరిగినదే. జన కోసం దాని పొట్ట వెతకడం తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి మనవలెంతమందని అడగడంలాంటిది. వెన్నుపూస కింద, గాలితిత్తిని ఆనుకుని సన్నటి దారంలాంటివి రెండు ఉంటాయి చూడండి, ఈసారి కోసేటప్పుడు దగ్గర నిలబడి చూపించమనండి. ఆ రెండు దారాలే ముందు ముందు మగ గ్రంథులయ్యేవి, ఆ తర్వాత ఎప్పుడో జన అయ్యేవి కూడా అవే.

మారడం ఎలా అంటారా, ఒక సీజన్లో మగచేపగా పని ముగిశాక ఆ గ్రంథి కుంచించుకుపోయి, అందులోనే గుడ్లు తయారయ్యే కణజాలం పెరుగుతుంది. వారాల్లో అయిపోతుందంతా. పైనుంచి చూస్తే తేడా ఏమీ తెలియదు, కోళ్ళలాగా తురాయిలూ ఈకలూ ఏం లేవు కదా. గుడ్లు పెట్టే కాలంలో మాత్రం మగదాని పొట్ట మెల్లగా నొక్కితే పాలలాంటిది చుక్క వస్తుంది, ఆడదానికి పొట్ట ఉబ్బి మెత్తగా తగులుతుంది.

ఎందుకిలా అని అడిగిన వాళ్ళకి: వీర్యం ఇవ్వడానికి పెద్ద ఒళ్ళు అక్కర్లేదు, చిన్న చేపైనా కావలసినంత ఇస్తుంది. గుడ్లకి అలా కాదు, పొట్ట ఎంత పెద్దదైతే అన్ని గుడ్లు. కాబట్టి చిన్నప్పుడు తండ్రిగా, పెద్దయ్యాక తల్లిగా ఉంటే దానికి లాభం. ఆస్ట్రేలియాలో 120 సెంటీమీటర్లు దాటిన ఒక ఆడ పండుగప్పలో నాలుగు కోట్లకు పైగా గుడ్లు లెక్క తేలాయి. అక్వేరియంలో పెంచుకునే నారింజ, తెలుపు చారల క్లౌన్ చేప కూడా ఇలాగే మగ నుంచి ఆడగా మారుతుంది. సముద్రంలో రాళ్ళ మధ్య ఉండే గ్రూపర్లు దీనికి రివర్సు, ముందు ఆడ, తర్వాత మగ.

పులసలాగా ఇదీ గోదావరికి ఎదురెక్కి గుడ్లు పెడుతుందా అని రాజమండ్రి నుంచి ఇద్దరు అడిగారు. ఉల్టా అండీ. పులస సముద్రంలో పెరిగి గుడ్ల కోసం నదిలోకి వస్తుంది, పండుగప్ప నదిలో పెరిగి గుడ్ల కోసం సముద్రం వైపు పోతుంది. ఒకటి పుట్టింటికి వస్తుంటే ఇంకోటి పుట్టింటికి పోతున్నట్టు. మంచినీళ్ళలో ఈ పని జరగదు. దాని గుడ్డు ఉప్పునీళ్ళలోనే తేలుతుంది, ఉప్పు తగ్గితే అడుక్కి దిగిపోతుంది, వీర్యానికి కదలిక రావాలన్నా ఉప్పు ఉండాలి. అందుకే మొగల దగ్గర, అమావాస్యకీ పున్నమికీ అటూ ఇటూ రోజుల్లో, సాయంత్రం చీకటి పడ్డాక, పోటు ఎక్కుతున్న సమయం చూసుకుని గుడ్లు వదులుతుంది. పోటు నీళ్ళు ఆ గుడ్లనీ పిల్లల్నీ లోపలికి, మడ చెట్ల వేళ్ళ మధ్యకి, వానకి నిండిన పల్లపు నీళ్ళలోకి మోసుకుపోతాయి. పంచాంగం చూసుకున్నట్టు చేస్తుంది ఆ పని.

చివరిగా, జన మీద అంత మోజైతే శీలావతి తెచ్చుకోండి.

ప్రశ్న (కైకలూరు దగ్గర నుంచి ఒక రైతు): అంగుళం సీడు (చేపపిల్లలు) 5 వేలు తెచ్చి చిన్న చెరువులో వేశాను. అన్నీ ఒకే రోజు పుట్టినవే అన్నారు. నలభై రోజులకి వల లాగి చూస్తే వెయ్యి కూడా లేవు. ఉన్నవాటిలో కొన్ని జానెడు, కొన్ని ఇంకా వేలెడు. చచ్చి తేలినవి పదో ఇరవయ్యో, అంతే. సీడు అమ్మినాయన లెక్క తక్కువ ఇచ్చాడంటారా? ఇంకోటి, పది పెద్ద చేపల్ని చెరువులో ఉంచితే సీడు నేనే తీసుకోవచ్చా?

జవాబు: ఆయన లెక్క సరిగ్గా ఇచ్చాడో లేదో నేను చెప్పలేను గానీ, మిగతా నాలుగు వేలూ ఎక్కడికి పోయాయో చెప్పగలను. ఆ జానెడు చేపల కడుపుల్లోకి.

పండుగప్ప పిల్లకి తమ్ముడూ అన్నా తేడా లేదు. తన పొడవులో మూడింట రెండు వంతులున్న పిల్లని కూడా మింగేస్తుంది. ఒకే రోజు పుట్టినా రెండో వారానికే ఒకటి ముందు, ఒకటి వెనక అవుతుంది, ముందున్నది వెనకదాన్ని తింటుంది, తిన్నది ఇంకా ముందుకు పోతుంది, తేడా రోజురోజుకీ పెరుగుతుంది. నేను ఒకసారి హాపాలో (పిల్లల్ని పెంచడానికి నీళ్ళలో కట్టే వల తొట్టెలో) చూశాను, రెండంగుళాల పిల్ల నోట్లోంచి ఇంకో పిల్ల తోక బయటికి వేలాడుతోంది, రెండూ చచ్చి ఉన్నాయి. మింగలేకపోయింది, కక్కలేకపోయింది. అలా ఇరుక్కుని పోయినవే మీకు తేలినవాటిలో కొన్ని అయుండొచ్చు. లోపలికి జారిపోయినవి తేలవు కదా.

కాబట్టి అంగుళం పిల్లని నేరుగా చెరువులో వదలడమే తప్పు. మూడు నాలుగు అంగుళాలయ్యే దాకా హాపాల్లో గానీ తొట్టెల్లో గానీ పెట్టి, వారానికి కనీసం రెండుసార్లు సైజుల వారీగా వేరు చెయ్యాలి. విసుగు పుట్టే పనే, తడి చేతులతో రోజంతా కూర్చోవాలి, కానీ ఇందులో బద్ధకిస్తే సీడు డబ్బులు నీళ్ళపాలు. మేత కూడా రోజుకి ఒకటి రెండుసార్లు గుమ్మరించడం కాదు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వెయ్యండి, ఆకలి ఎక్కువైనకొద్దీ అది పక్కవాడి వైపే చూస్తుంది. నాలుగు అంగుళాలు దాటి, అన్నీ ఒకే సైజున్న పిల్లల్ని చెరువులోకి దించితే అప్పుడు కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. తర్వాత కూడా ఒకదాన్నొకటి తినడం పూర్తిగా ఆగదు గానీ బాగా తగ్గుతుంది.

పెరుగుదల సంగతి: నీళ్ళు 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండి, మేత కడుపునిండా అందితే ఏడాదికి కిలో దాకా వస్తుంది, బాగా చూసుకుంటే దాటుతుంది కూడా. చలికాలంలో మేత తగ్గిపోతే కంగారు పడకండి, నీళ్ళు చల్లబడితే దానికి ఆకలి చచ్చిపోతుంది. మీ వైపు తిలాపియా పిల్లల్ని మేతగా వదులుతుంటారు కదా, అది పని చేస్తుంది, కానీ తిలాపియా చెరువంతా నిండిపోయి ఆక్సిజన్ తాగేయకుండా చూసుకోండి. సముద్రంలోనూ పెంచుతారు దీన్ని. మన విశాఖ దగ్గరే 2007లో సముద్రపు పంజరాల్లో పెంచి చూపించింది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ.

ఇక సీడు మీరే తీసుకోవడం. కుదరదండీ. మీ చెరువు మంచినీళ్ళది. పది చేపలూ పదేళ్ళుంటాయి, తింటాయి, ఇరవై కిలోలవుతాయి, ఒక్క గుడ్డు మిగలదు. ఉప్పు లేనిదే పని జరగదని పైన కాకినాడావిడకి చెప్పాను, అది మీకూ వర్తిస్తుంది. మన దేశంలో దీన్ని హేచరీలో గుడ్లు పెట్టించడం మొదటిసారి సాధించింది చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ, అందరూ సీబా అనే పిలుస్తారు, 1997లో. అంతకుముందు సీడంటే మొగల దగ్గర, కాల్వల్లో వలేసి ఏరుకున్నదే. తర్వాత తమిళనాడులోనే రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ సెంటర్ కూడా పెద్ద హేచరీ పెట్టింది.

అక్కడ పని ఎలా ఉంటుందంటే, పెద్ద సిమెంటు తొట్టెల్లో సముద్రపు నీళ్ళు, అందులో తల్లులూ తండ్రులూ. ఆడదాని లోపలికి సన్నటి గొట్టం పంపి నాలుగు గుడ్లు లాగి మైక్రోస్కోప్ కింద సైజు చూస్తారు, అర మిల్లీమీటరుకి దగ్గరగా ఉంటే సిద్ధమైనట్టు. అప్పుడు హార్మోన్ ఇంజెక్షన్. ఒక ఆడదానికి రెండు మగచేపలు. సాధారణంగా మర్నాడు రాత్రికి గుడ్లు పడతాయి. ఆ నీళ్ళు ఒక గాజు బీకరులో తీసి దీపానికి అడ్డంగా పట్టుకుంటే గుడ్లు కనపడతాయి, ఉప్మా రవ్వ గింజంత, అద్దంలా తేటగా, ఒక్కోదానిలో ఒక్క నూనె బొట్టు. బాగున్నవి పైకి తేలతాయి, చెడ్డవి తెల్లగా పాలిపోయి అడుక్కి చేరతాయి. వాటిని వేరు చెయ్యడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పదహారు, పద్దెనిమిది గంటలకి, అంటే రాత్రి పడ్డ గుడ్డు మర్నాటి మధ్యాహ్నానికి, ఒకటిన్నర మిల్లీమీటర్ల పిల్లైపోతుంది. మూడో రోజుకి నోరు తెరుస్తుంది. అప్పటి నుంచి రోటిఫర్లని చిన్న జీవులు, తర్వాత ఆర్టీమియా అనే బుల్లి రొయ్యలాంటి జీవులు. వాటిని పెంచడానికి మళ్ళీ పచ్చటి నాచు నీళ్ళ తొట్టెలు వేరే. అసలు కష్టం ఇక్కడే, గుడ్లు పెట్టించడం కాదు, మొదటి ఇరవై రోజులు తిండి పెట్టి బతికించడం. మీరు సీడుకి ఇచ్చే రూపాయల్లో ఎక్కువ భాగం దీనికే పోతుంది.

ప్రశ్న (బ్రిస్బేన్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): ఇక్కడ బారాముండి అని అమ్మేది మన పండుగప్పేనని ఫ్రెండ్స్ అంటున్నారు. పోయిన నెల గాలానికి వెళ్తే ఒకటి పడింది, టేపు పెట్టి కొలిచి చిన్నదని వదిలేయించారు. సరే అనుకున్నా. కానీ మరీ పెద్దది పడినా వదిలేయాలట! పెద్దది పట్టుకోవడానికే కదా వెళ్ళేది?

జవాబు: అవును, అదే. లాటిస్ కాల్కారిఫర్ అని శాస్త్రం పేరు. కోల్‌కతాలో భెట్కి, చెన్నైలో కొడువా, కేరళలో కాళాంజి, అన్నీ ఇదే. బారాముండి అంటే మీ క్వీన్స్‌లాండ్‌లోని ఒక ఆదివాసీ భాషలో పెద్ద పొలుసుల నది చేప అని అర్థం. మన పేరులో కప్ప ఎలా దూరిందని ఒక చిన్న పిల్లాడు అడిగాడు, కప్పకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు నాన్నా. మీ చేపకీ మన చేపకీ జన్యువుల్లో తేడాలున్నాయి. 2012లో శ్రీలంక, మయన్మార్ నీళ్ళలోవాటిని రెండు వేరే జాతులుగా విడదీశారు కూడా. కూరలో ఆ తేడా తెలియదు లెండి.

ఆ కొలతల రూలు నాకు తెలిసిన చేపల చట్టాలన్నిటిలోకీ తెలివైనది. క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల కన్నా చిన్నది, 120 సెంటీమీటర్ల కన్నా పెద్దది ఉంచుకోకూడదు. చిన్నది ఎందుకంటే అది ఒక్కసారైనా తండ్రి అయ్యే ఛాన్సు ఇవ్వడానికి. పెద్దది ఎందుకంటే ఆ సైజు దాటినవి దాదాపు అన్నీ ఆడవే, కోట్లలో గుడ్లు పెట్టే ముసలి తల్లులు. చాలా చేపల్లో పెద్దవి పట్టేస్తే ఆడా మగా రెండూ పోతాయి. దీనిలో పెద్దవి పట్టేస్తే తల్లులు మాత్రమే పోతాయి, మిగిలేదంతా కుర్ర మగ మంద. ఆ మందలోంచి కొత్త తల్లి తయారవ్వాలంటే ఏళ్ళు పడుతుంది. మీరు వదిలేసిన ఆ చిన్నది ఒకప్పటికి తల్లి కావాల్సిందే, దానికి ముందు తండ్రిగా గడిపి, తర్వాత తల్లిగా మారే టైము కావాలి.

అక్కడి రిజర్వాయర్లలో మాత్రం ఈ గొడవ లేదు. హేచరీ పిల్లల్ని తెచ్చి వదులుతారు, అవి సముద్రం చేరలేవు, గుడ్లూ పెట్టలేవు, పెరగడమొక్కటే పని. 2010లో మీ వైపే మొండురాన్ రిజర్వాయర్లో 44 కిలోలు దాటినది గాలానికి పడింది. అందుకే కొన్ని రిజర్వాయర్లకి రూలు వేరేగా ఉంటుంది. వెళ్ళే ముందు ఆ బోర్డు చదువుకోండి.

ప్రశ్న (భీమిలి నుంచి): ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల్లోనే చేపలన్నీ గుడ్లు పెట్టేస్తాయా? మా నాన్న ఒప్పుకోడు.

జవాబు: మీ నాన్నగారిదే కరెక్టు. చేపలన్నీ ఒక ముహూర్తం పెట్టుకోవు. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా నిషేధం, మనకి వేరే. సముద్రానికి రెండు నెలలు ఊపిరి ఇవ్వడమే దాని లాభం, అది తక్కువేం కాదు, నేను దానికి అనుకూలమే. పండుగప్పకి మాత్రం దానివల్ల వచ్చేది అంతంతమాత్రం. దాని గుడ్ల కాలం వానలతో ముడిపడింది, ఎక్కువగా నిషేధం ఎత్తేశాకే. పిల్లలు పెరిగేది సముద్రంలో కాదు, మడల్లోనూ కాల్వల్లోనూ. వేలెడు పిల్లకి ఒంటి నిండా గోధుమరంగు మచ్చలూ తల మీద తెల్ల గీతలూ ఉంటాయి, దాన్ని కాల్వలో దోమతెరలాంటి వలతో లాగేస్తే, మొగ దగ్గర ఎన్ని బోట్లు ఆపినా ఏం లాభం? గోదావరి, కృష్ణా మొగల్లో మడలు కొట్టి రొయ్యల చెరువులు తవ్వినప్పుడు పోయింది చెట్లు మాత్రమే కాదు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో మిగిలింది చూసి సంతోషించాలి.

ప్రశ్న (విజయనగరం నుంచి డిగ్రీ విద్యార్థి): చేప వయసు ఏళ్ళలో చెబుతున్నారు, దానికి పుట్టినరోజు సర్టిఫికెట్ ఉండదు కదా సార్?

జవాబు: ఉంటుంది, తలలో. చేప లోపలి చెవిలో సున్నపు రాళ్ళుంటాయి. చెట్టు మానులోలాగా వాటిలో ఏటా ఒక వలయం పడుతుంది. రాయిని సన్నగా పలక కోసి మైక్రోస్కోప్ కింద లెక్కపెడతారు. మరీ చిన్న పిల్లల్లో రోజుకో గీత కూడా కనపడుతుంది, అమావాస్యకి పుట్టిందా పున్నమికి పుట్టిందా అన్నది అలాగే లెక్క కడతారు. పొలుసుల మీద వలయాలతోనూ చూస్తారు, కానీ ముసలి చేపల్లో అది అంత నమ్మకం కాదు. ఈసారి ఇంట్లో గొరక పులుసు పెడితే తల మీరు తీసుకోండి. తెల్లగా, చింతగింజలో సగముండే రాళ్ళు రెండు తగులుతాయి, పంటి కింద పెట్టకుండా పక్కన పెట్టి కడిగి చూడండి.